రీబిల్డ్ టార్క్ కన్వర్టర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

పాత ఆటోమేటిక్ కారుకి కొత్త టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) కొనాలా, కోసి బాగుచేసిన రీబిల్డ్ ముక్క సరిపోతుందా అని అడిగేవాళ్లకి నా జవాబు: చాలు. కాకపోతే పార్ట్ నంబరు కలిసిందని ఊరుకోవద్దు. బ్యాలెన్సూ స్టాల్ స్పీడూ (బండిని కదలనివ్వకుండా ఇంజిన్ ఎక్కగల ఆర్‌పీఎం) బండి మీదే చూశాక పూర్తి డబ్బులివ్వండి.

మాది రెండు లీటర్ల పెట్రోల్ సెడాన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. విశాఖలో ఇల్లు మధురవాడ, ఉద్యోగం గాజువాక. హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ మీదుగా రోజూ ఆగుతూ కదులుతూ పోవాలి. కన్వర్టర్‌కి అసలు శ్రమ ఇలాంటి చోటే. అప్పుడప్పుడు సింహాచలం కొండ, ఏడాదికోసారి అరకు. పాత కన్వర్టర్‌లో లాకప్ క్లచ్ (స్పీడు అందుకున్నాక ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా కలిపేది) అరిగి అరవై, డెబ్బై స్పీడులో బండి వణికేది. అందుకే మార్చాల్సి వచ్చింది.

మొదట వచ్చిన రీబిల్డ్ ముక్కకి ఆ వణుకు పోయింది గానీ 2,000 ఆర్‌పీఎం దాటగానే అదురు మొదలైంది. "ఇంజిన్ మౌంటింగులు పోయాయి సార్" అన్నాడు మెకానిక్. మార్పించాం, తగ్గలేదు. బండి నిలబెట్టి, పార్క్‌లో ఉంచి రేజ్ చేసినా అదే అదురు. చక్రాలు తిరగకుండానే వస్తోందంటే టైర్లనీ యాక్సిల్‌నీ అనుమానించక్కర్లేదు. మిగిలింది ఇంజినా, కన్వర్టరా? ఇంజిన్ వెనక తిరిగే ఫ్లెక్స్ ప్లేట్ అనే పల్చటి చక్రానికి కన్వర్టర్‌ని పట్టి ఉంచే బోల్టులు విప్పి, దాన్ని వెనక్కి నెట్టి, కాసేపు ఇంజిన్ ఒక్కదాన్నే నడిపించమన్నాను. అదురు మాయం. తర్వాత కన్వర్టర్‌ని ఒక బోల్టు రంధ్రం మేర తిప్పి బిగించారు. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఫ్లెక్స్ ప్లేట్‌లో ఉన్న కాస్త తేడా, కన్వర్టర్‌లో ఉన్న పెద్ద తేడా ఒకే వైపు పడితే ఇలాగే ఉంటుంది. కోసి, వెల్డింగ్ చేసి, బ్యాలెన్స్ మెషిన్ ఎక్కించకుండా పంపేశారన్నమాట. వెనక్కి పంపాం. రెండోదాని ఒంటి మీద కొత్తగా అతికించిన చిన్న బరువు ముక్కలు కనిపించాయి. ఇప్పుడు వాడుతున్నది అదే.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సింది ఒకటుంది. కన్వర్టర్ మెడ గేర్‌బాక్స్ ఆయిల్ పంపులో చివరిదాకా కూర్చోవాలి. కూర్చోకుండానే బోల్టులతో లాగి బిగిస్తే పంపు పగులుతుంది.

ఇక స్టాల్ స్పీడు. బండి కదలకుండా పట్టి ఉంచి, డీలో పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజిన్ ఎంతవరకు ఎక్కగలదో ఆ ఆర్‌పీఎం. మా కారు సర్వీస్ పుస్తకంలో 2,100 నుంచి 2,500 అని ఉంది. ఇంజిన్, గేర్ ఆయిల్ రెండూ వేడెక్కాలి. చక్రాలకి అడ్డాలు, హ్యాండ్ బ్రేక్, ఎడమ కాలు బ్రేక్ మీద, ముందూ వెనకా మనిషి ఉండకూడదు. ఐదు సెకన్లు మించొద్దు. వెంటనే న్యూట్రల్‌లో వేసి ఒకట్రెండు నిమిషాలు ఆయిల్ చల్లారనివ్వాలి. మాది 2,300 దగ్గర ఆగింది.

పరిమితి దాటి ఎక్కుతుంటే కాలు తీసేయాలి: గేర్‌బాక్స్ క్లచ్‌లు జారుతున్నాయి, లేదా ఆయిల్ తక్కువ. కొద్దిగా తగ్గితే ఇంజిన్‌లో బలం లేదు. ఐదారొందలు తగ్గితే, కన్వర్టర్‌లో ఆయిల్‌ని మళ్లించి బలం పెంచే స్టేటర్ అనే చక్రం లోపల, దాన్ని ఒకే వైపు తిరగనిచ్చే వన్ వే క్లచ్ పట్టడం లేదని అర్థం. అలాంటి బండి సిగ్నల్ దగ్గర ఈడ్చుకుంటూ కదులుతుంది, హైవే మీద మాత్రం బాగానే పోతుంది. అదే స్టేటర్ బిగుసుకుపోతే కథ తిరగబడుతుంది. స్టాల్ అంకె సరిగ్గానే వస్తుంది, కదలడమూ బాగుంటుంది, హైవే మీద లాగదు, ఆయిల్ కాగిపోతుంది. అందుకే టెస్టులో పాసయిందని సంబరపడకుండా ఆనందపురం దాకా హైవే మీద ఒక చుట్టు తిప్పి రావాలి.

"ఇది 2,400 స్టాల్ ముక్క" అని అమ్మేవాళ్ల మాట పట్టుకోవద్దు. ఏ ఇంజిన్‌కి? అదే కన్వర్టర్ బలమైన ఇంజిన్ వెనక పెడితే అంకె పెరుగుతుంది. నాకు డీజిల్ మోడల్ ముక్క అంటగట్టబోయారు, బోల్టులు కలుస్తాయట. డీజిల్ బలం తక్కువ ఆర్‌పీఎంలోనే వస్తుంది కాబట్టి దాని కన్వర్టర్ స్టాల్ తక్కువ. పెట్రోల్ బండికి అది వేస్తే సింహాచలం ఎక్కేటప్పుడు తెలిసొస్తుంది.

కొత్త కార్లలో ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉంటే బ్రేక్ తొక్కగానే కంప్యూటరే ఇంజిన్‌ని తగ్గించేయొచ్చు, ఆ అంకెకి విలువ లేదు. ఏఎంటీ బండ్లలో (మాన్యువల్ గేర్‌బాక్స్‌లోనే గేర్లు వాటంతటవే మారేవి) కన్వర్టరే ఉండదు కాబట్టి వాళ్లకి ఈ టెన్షన్ లేదు.

నాలుగేళ్లలో అదురు తిరిగి రాలేదు. ఆయిల్ ఇంకా ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. అరకు ఘాట్‌లో లారీల వెనక పాకేటప్పుడు గేరు 2లో పెట్టేస్తాను, ఆయిల్ వేడి అదుపులో ఉంటుంది. లోపమంటే లాకప్ పాతదానికంటే కాస్త ఆలస్యంగా పడుతుంది, మైలేజీ కొంచెం తగ్గినట్టే అనిపిస్తుంది. మన ఊరి ఉప్పు గాలికి గేర్ ఆయిల్‌ని చల్లార్చే కూలర్ పైపులు తుప్పు పట్టాయి, అవి మార్చక తప్పలేదు. కన్వర్టర్ మార్చినప్పుడే కూలర్ కడిగించి ఈ పైపులూ చూపించుకుంటే రెండోసారి లేబర్ మిగులుతుంది. పాతదాని ఇనుప పొడి దాక్కునేది కూడా ఆ కూలర్‌లోనే.