కేబినెట్‌తో పాటు వచ్చే ‘450 వాట్ల’ ఎస్‌ఎంపీఎస్‌తో జాగ్రత్త

పాలకొల్లు, భీమవరం, నరసాపురం వైపు అసెంబుల్డ్ కంప్యూటర్ కొనబోయేవారు, కొన్నాక అది మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంటే తల పట్టుకున్నవారు ఇది చదవండి. మదర్‌బోర్డు పోయిందని ఎవరైనా అంటే, డబ్బు తీసేముందు మంచి ఎస్‌ఎంపీఎస్ (కేబినెట్ అనే కంప్యూటర్ పెట్టెలో ఉండి, ఇంటి కరెంటును లోపలి భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చే డబ్బా) తగిలించి చూపించమని అడగండి.

మాది పాలకొల్లులో డీటీపీ సెంటర్. భీమవరంలోని ఒక దుకాణంలో గ్రాఫిక్స్ కార్డుతో సహా కంప్యూటర్ కట్టించాను. ఏడాది తిరక్కుండానే జబ్బు మొదలైంది. శుభలేఖ టైపు చేస్తున్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. పెద్ద ఫ్లెక్సీ డిజైన్ ఎక్స్‌పోర్ట్ కొట్టగానే టక్కున ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. విండోస్ తప్పు చూపే నీలం తెర లేదు, బీప్ లేదు. అదీ మాఘమాసం ముహూర్తాల రద్దీలో!

దుకాణంవారు ముందు ర్యామ్ అన్నారు. మార్చి డబ్బు తీసుకున్నారు. తర్వాత ‘మీ ఊళ్లో కరెంటు బాగాలేదండీ, యూపీఎస్ పెట్టుకోండి’ అన్నారు. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరిగే వేళ మా వైపు వోల్టేజీ దిగడం నిజమే కాబట్టి ఈ సాకు ఇక్కడ చక్కగా చెల్లుతుంది. యూపీఎస్ పెట్టినా కరెంటు పోయిన క్షణమే కంప్యూటర్ కూడా ఆరిపోయేది. చివరికి తేల్చింది మదర్‌బోర్డు పోయిందని. మరి ఎస్‌ఎంపీఎస్ సంగతేమిటంటే, అక్కడి కుర్రాడు ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి ఫ్యాను తిప్పి చూపించాడు. ఫ్యాను తిరిగితే డబ్బా ఆన్ అవుతోందని మాత్రమే అర్థం. పని పెరిగి కరెంటు ఎక్కువ లాగినప్పుడు నిలబడుతుందో లేదో ఆ పరీక్ష చెప్పదు.

మా ఊళ్లో ఇన్వర్టర్లు బాగుచేసే పెద్దాయన మల్టీమీటరు తెచ్చి పసుపు, నల్ల తీగల మధ్య పెట్టారు. ఊరికే ఉన్నప్పుడు 11.8 వోల్టులు. ఎక్స్‌పోర్ట్ కొట్టించారు, అంకె 11.1కి జారింది, తెర ఆరిపోయింది. పసుపు తీగ ఇచ్చే ఈ 12 వోల్టుల లైను 5 శాతానికి మించి తగ్గకూడదు, అంటే 11.4 కంటే కిందికి రాకూడదు. డబ్బా విప్పి చూపించారు: రెండు కెపాసిటర్ల (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగాలు) నెత్తి ఉబ్బి, గోధుమరంగు పొక్కు కట్టి ఉంది. మీరు మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

అసలు మోసం స్టిక్కరు మీదే ఉంది. పైన పెద్ద అక్షరాల్లో 450. కింద చీమ తలకాయంత అక్షరాల పట్టికలో 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు. గుణిస్తే 168 వాట్లు! ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా బతికేది ఈ లైను మీదే. మిగతా అంకెలన్నీ 5, 3.3 వోల్టుల లైన్ల మీద చూపించి 450 చేశారు. ఇప్పటి కంప్యూటర్లు వాటిని వాడేది కొద్దిగానే. కాబట్టి కొనేటప్పుడు ఆ చిన్న పట్టికే చదవండి. డబ్బాను చేత్తో ఎత్తి కూడా చూడండి, నాసిరకంవి ఖాళీ డబ్బాల్లా తేలిగ్గా ఉంటాయి.

యూపీఎస్ ఉన్నా ఆరిపోవడం వెనక కూడా ఇదే. మామూలు యూపీఎస్ బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ 16 మిల్లీసెకన్ల వరకు ఓర్చుకుంటుంది. కెపాసిటర్ల దగ్గర ఖర్చు తగ్గించి చేసిన నాసిరకం ఎస్‌ఎంపీఎస్ ఆ కాస్త వ్యవధి కూడా ఆగలేదు.

కంప్యూటర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ కనిపిస్తే యంత్రం సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని తెలుస్తుంది, అంతే. ప్రాసెసర్ వేడెక్కినా అలాగే ఆగుతుంది కాబట్టి ముందు దుమ్ము దులిపి, ఉష్ణోగ్రత చూడండి. అది బాగుండి, పని పెరిగినప్పుడే ఆరిపోతుంటే, హార్డ్‌డిస్క్ మధ్యమధ్య మాయమవుతుంటే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదికే పోవాలి.

పేరున్న కంపెనీ ఎస్‌ఎంపీఎస్ వేశాక, ‘పోయిన’ మదర్‌బోర్డే ఇప్పుడు రోజంతా ఫ్లెక్సీలు చేస్తోంది. తీసేసిన పాత ర్యామ్ కూడా వేసి చూశాం, అదీ బాగానే ఉంది.

గ్యారంటీ అడిగితే దుకాణంవారు బిల్లు చూపించారు. అందులో ‘కేబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్’ అని ఒకే ముక్క. కేబినెట్‌కు గ్యారంటీ ఉండదట. ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా, కంపెనీ పేరు, మోడల్, గ్యారంటీ కాలంతో బిల్లులో రాయించండి. రాయనంటే వేరే దుకాణం చూసుకోండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు.