నీళ్లు పోసిన రోజే చేపలు వేసుకోమంటే ఆ ఉప్పునీటి అక్వేరియం సెట్ కొనకండి

కొత్తగా ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునేవాళ్లు డబ్బు చెల్లించే ముందు ఇది చదవండి. ‘ఇన్‌స్టంట్ సైకిల్’ (చేపల వ్యర్థాల విషాన్ని తగ్గించే బాక్టీరియా ట్యాంకులో స్థిరపడటమే సైకిల్, అది వెంటనే అయిపోతుందట) అనే మాట నమ్మి నేను రెండు క్లౌన్ ఫిష్‌లను, ఒక డామ్‌సెల్ చేపను, ఒక ఎనిమోన్‌ను (పువ్వులా కనిపించే సముద్ర జీవి) ఆరు రోజుల్లో పోగొట్టుకున్నాను. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఎవరు అమ్మినా ఈ పద్ధతి తప్పే కాబట్టి పద్ధతి గురించే చెబుతాను.

నాది 100 లీటర్ల ట్యాంకు. ట్యాంకు, లైటు, ఫిల్టరు, ఉప్పు, ఇసుక, లైవ్ రాక్ (బాక్టీరియా, చిన్న సముద్ర జీవులు ఉండే రాయి), బాక్టీరియా సీసా, చేపలు అన్నీ కలిపి ఒకటే సెట్‌గా ఇచ్చారు. ఉప్పు కలిపి, రాళ్లు పెట్టి, సీసా మొత్తం పోసేస్తే సాయంత్రానికి చేపలు వేసేయొచ్చన్నారు. "సైకిల్ అవడానికి నెల పడుతుందని విన్నానే" అని అడిగాను. "అది పాత పద్ధతి సార్, ఇప్పుడు ఆ టెన్షన్ లేదు" అన్నాడు అమ్మినతను. ఆ సాయంత్రం నీళ్లు అద్దంలా మెరుస్తుంటే నాకూ అనుమానం రాలేదు.

మూడో రోజు పొద్దున మా అమ్మాయి పిలిచింది. "నాన్నా, చేప రొప్పుతోంది." వెళ్లి చూస్తే చిన్న క్లౌన్ ఫిష్ నీటి పైకి వచ్చి గబగబా మొప్పలు ఆడిస్తోంది. ఫోన్ చేస్తే, కొత్త చోటు కదా అలవాటు పడుతుంది, మేత వేయండి అన్నారు. వేశాను. తినకుండా మిగిలిన మేత అడుగున కుళ్లి విషాన్ని ఇంకా పెంచుతుందని అప్పటికి నాకు తెలియదు. నాలుగో రోజు ఆ చేప పోయింది. వెంటనే అమ్మోనియా టెస్ట్ కిట్ కొని చూస్తే 4 పీపీఎం (పది లక్షల భాగాల్లో నాలుగు) రంగు వచ్చింది. ఉండాల్సింది సున్నా. అన్నీ ఉన్న సెట్ అని ఇచ్చినదాంట్లో అన్నిటికన్నా అవసరమైన ఈ కిట్ లేదు. అది ఉండి ఉంటే మొదటి రోజే వాళ్ల మాట నిలబడేది కాదు.

సైకిల్ అంటే ఏమిటో అర్థమైతే ఈ మోసం ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. చేపలు మొప్పల నుంచి అమ్మోనియా వదులుతాయి. కుళ్లిన మేత నుంచీ అదే వస్తుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మాత్రమే చేపలు కొంతవరకు తట్టుకోగలిగినది, దాన్ని నీళ్లు మార్చి తగ్గించుకుంటాం. ఈ బాక్టీరియా ఎక్కువగా రాళ్ల మీద, ఇసుకలో, ఫిల్టర్‌లో అంటుకుని మెల్లగా పెరుగుతుంది. మామూలుగా 3 నుంచి 6 వారాలు పడుతుంది. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.3 మధ్య ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియాలో ఎక్కువ భాగం విషరూపంలోకి మారుతుంది. అందుకే పీహెచ్ 7 దగ్గర ఉండే మంచినీటి ట్యాంకులో ఎలాగో బతికి బయటపడే చేప, ఇక్కడ అదే మోతాదుకు చచ్చిపోతుంది. మంచినీటి చేపలు పెంచిన అనుభవం ఉందని ధైర్యంగా దిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. నేనూ ఆ ధైర్యంతోనే దిగాను.

సీసాలో వచ్చే బాక్టీరియా అంతా మోసం అనడం లేదు. మంచి సరుకైతే సైకిల్ తొందరగా అవుతుంది. కానీ అది ప్రాణమున్న సరుకు. ఎండలో, వేడి గోదాములో పడి ఉంటే చచ్చిపోతుంది. నాకిచ్చిన సీసా అడుగున తేదీ చూస్తే గడువు దాటి ఐదు నెలలైంది. ఆ తేదీ నేను చూసింది చేపలు పోయాక. మీరు కొనేటప్పుడే చూడండి. ఇంకొకటి, మంచినీటి ట్యాంకుల కోసం అమ్మే సీసా ఉప్పునీటికి పనికిరాదు.

సీసా పోశాం కాబట్టి సైకిల్ అయిపోయింది అనుకోకూడదు. అయిందో లేదో టెస్ట్ చేస్తేనే తెలుస్తుంది. చేపలు లేని ట్యాంకులో అమ్మోనియం క్లోరైడ్‌ను అమ్మోనియా 2 పీపీఎం వచ్చేలా వేయండి. 24 గంటల తర్వాత అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే సైకిల్ అయినట్టు. అమ్మోనియా ఒక్కటే సున్నాకి వచ్చి నైట్రైట్ ఇంకా ఉంటే సగం పనే అయింది. నైట్రైట్ ఉన్నంతకాలం నైట్రేట్ టెస్ట్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, ఆ అంకె చూసి అయిపోయిందని సంబరపడకండి.

లైవ్ రాక్ దగ్గర నేను మరీ దారుణంగా మోసపోయాను. దాన్ని నీళ్లు లేకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇచ్చారు. ఇంటికి వచ్చి విప్పితే కుళ్లిన గుడ్డు వాసన. అడిగితే సముద్రపు వాసన అంతే సార్ అన్నారు. ఆరోగ్యంగా ఉన్న రాయి అలా కంపు కొట్టదు. రాయిలోని స్పాంజీలు, పురుగులు చచ్చి కుళ్లుతున్న వాసన అది. అలాంటి రాయిని నేరుగా ట్యాంకులో పెట్టడమంటే అమ్మోనియా తెచ్చి పోసుకోవడమే. వేరే టబ్బులో ఉప్పునీళ్లు పోసి, హీటరు, పవర్‌హెడ్ (నీటిని కదిలించే చిన్న పంపు) పెట్టి, అమ్మోనియా సున్నాకి వచ్చేదాకా వారాల తరబడి ఉంచాలి. ఇక్కడే ఒక మాట. రాళ్లను మరిగిస్తే శుభ్రమవుతాయని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వాటి మీద పెరిగే కొన్ని జోయాంథిడ్‌లలో (పగడాల్లాంటి చిన్న జీవులు) పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. మరిగించినప్పుడు వచ్చిన ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాలు ఉన్నాయి.

నీటిలో ఉప్పు ఎంతుందో చూడటానికి సెట్‌లో ఇచ్చిన ప్లాస్టిక్ హైడ్రోమీటర్ కూడా తప్పే. అది 1.025 చూపించింది. తర్వాత ఒక స్నేహితుడి రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పును కాంతి సాయంతో కొలిచే పరికరం) చూస్తే 1.020 ఉంది. హైడ్రోమీటర్ ముల్లుకు చిన్న గాలి బుడగ అంటుకున్నా లెక్క మారిపోతుంది. రిఫ్రాక్టోమీటర్ కొనండి, దాన్ని 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) ద్రావణంతో సరిచూసుకోండి. ఉప్పును ఎప్పుడూ బయట బకెట్‌లోనే కలిపి, పూర్తిగా కరిగాకే ట్యాంకులో పోయాలి. ఆవిరైన నీటికి బదులు మాత్రం ఉప్పు లేని ఆర్ఓ నీళ్లే పోయాలి. నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది.

ఎనిమోన్ విషయం తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. అది లేకపోతే క్లౌన్ ఫిష్ బతకదని చెప్పి అమ్మారు. పచ్చి అబద్ధం. అక్వేరియంలో క్లౌన్ ఫిష్ ఎనిమోన్ లేకుండా ఏళ్ల తరబడి హాయిగా బతుకుతుంది. ఎనిమోన్‌కే బలమైన లైటు, కనీసం ఆరు నెలలు నిలకడగా నడిచిన ట్యాంకు కావాలి. అది చచ్చి కరిగిపోతే మిగతావాటికీ ముప్పే. నా ట్యాంకులో చివరి చేపలు రెండూ అది పోయిన మర్నాడే పోయాయి. డామ్‌సెల్‌ను అమ్మింది కూడా ‘గట్టి చేప, సైకిల్‌కి పనికొస్తుంది’ అని. అమ్మోనియాలో మొప్పలు కాలిపోతూ బతకడానికి దాన్ని కొంటున్నానని నాకు తెలిసి ఉంటే తెచ్చేవాణ్ణి కాదు.

వెనక్కి వెళ్లి అడిగితే మేత ఎక్కువ వేశారు సార్, మీదే తప్పు అన్నారు. వేయమన్నది వాళ్లే. ప్రాణమున్న సరుకుకు గ్యారంటీ లేదని బిల్లు వెనక సన్న అక్షరాల్లో ఉంది. అందుకే కొనుగోలు రెండు విడతలుగా చేయండి. మొదట ట్యాంకు, రాళ్లు, ఉప్పు, టెస్ట్ కిట్‌లు మాత్రమే. చేపలు సైకిల్ అయ్యాక. ఇప్పుడే చేపలు కూడా తీసుకుంటేనే ఈ ధర అని ఎవరైనా పట్టుబడితే అక్కడినుంచి వచ్చేయండి. చేపలు కొనే రోజున మీ ఎదురుగా మేత వేయించి, తింటేనే తీసుకోండి.

ఇప్పటికే ఇలాంటి సెట్ కొని, ఈ నిమిషంలో మీ ట్యాంకులో చేపలు రొప్పుతుంటే ముందు మేత ఆపండి. పవర్‌హెడ్‌ను పైకి తిప్పి నీటి ఉపరితలం బాగా కదిలేలా చేయండి. అదే వేడి, అదే ఉప్పు శాతంతో నీళ్లు కలిపి సగం వరకు మార్చండి, రేపు మళ్లీ టెస్ట్ చేసి అవసరమైతే మళ్లీ మార్చండి. అమ్మోనియాను కట్టిపడేసే మందు వేస్తే కొన్ని కిట్‌లు ఆ తర్వాత కూడా అమ్మోనియా ఉన్నట్టే చూపిస్తాయి, కంగారుపడకుండా ఆ కిట్ కాగితం చదవండి. మీకు తెలిసినవాళ్లలో బాగా నడుస్తున్న ఉప్పునీటి ట్యాంకు ఎవరికైనా ఉంటే, మొహమాటపడకుండా ఈ రాత్రే అడిగి చేపలను అక్కడికి మార్చండి.