గరుకు అక్షరాల పెట్టె: ఆరేళ్ల వాడకం తర్వాత

ఇంగ్లీషు అక్షరాలను వాటి పేర్లతో కాక ధ్వనులతో నేర్పాలన్న ఉద్దేశంతో ఈ పెట్టె కొని ఆరేళ్లయింది. మొదట మా పెద్దమ్మాయి, తర్వాత మా చిన్నవాడు దీనితోనే చదవడం నేర్చుకున్నారు. ఇందులో 26 చెక్క పలకలున్నాయి. ఒక్కో పలక మీద గరుకు కాగితంతో కత్తిరించిన ఒక్కో చిన్నబడి అక్షరం అతికించి ఉంటుంది. హల్లుల పలకలు గులాబీ రంగువి, అచ్చులవి నీలం. వీటితో పాటు పదాలు పేర్చుకోవడానికి విడి అక్షరాల డబ్బా ఒకటి వస్తుంది. 1907లో రోమ్‌లో తన మొదటి బాలల బడిని తెరిచిన మరియా మాంటిస్సోరి పద్ధతిలోని పరికరాలే ఇవి.

పిల్లవాడు రెండు వేళ్లతో అక్షరాన్ని రాసే దిశలోనే తడుముతూ, దాని ధ్వనిని పలకాలి. వినడానికి ఇంత తేలికైన ఈ పనిలో మొదట తప్పింది నేనే. ‘బి’ అనేది అక్షరం పేరని, ధ్వని వేరని తెలిసి కూడా, మొదటి రెండు నెలలూ ఆ పలక చూపించి ‘బ’ అనే చెప్పాను. తెలుగులో హల్లును అకారంతో కలిపి చెప్పడం మనకు పుట్టినప్పటి అలవాటు కాబట్టి అందులో దోషముందని తోచలేదు. పాప ‘బ్యాట్’ అనే పదాన్ని ‘బ-ఆ-ట’ అని విడివిడిగా సరిగ్గానే చెప్పి, కలపమంటే ‘బాట’ అంది. ఆమె చెవి తప్పు చేయలేదు, నేనిచ్చిన ధ్వనులను ఉన్నవున్నట్టు కలిపింది. నేర్పవలసింది పొల్లు హల్లని అప్పటికి గాని తెలియలేదు. పెట్టెతో వచ్చిన పుస్తకంలో దీని గురించి ఒక్క మాటైనా లేదు.

ఆ పుస్తకం అక్షరాలను ఎ, బి, సి వరుసలోనే నేర్పమంటుంది. చిన్నవాడి విషయంలో నేను దాన్ని పక్కన పెట్టేశాను. స్, మ్, ఫ్ వంటి ధ్వనులను ఊపిరి ఉన్నంతసేపు సాగదీయవచ్చు గనుక, ‘స్స్స్’ అంటూనే తర్వాతి అచ్చులోకి జారిపోవడం పిల్లలకు సులువవుతుంది. బ్, ట్, క్ అలా సాగవు. సాగదీయబోతే వెనక ఒక ‘అ’ వచ్చి చేరుతుంది. అందుకే సాగే ఎస్‌తో మొదలుపెట్టి, ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్ అనే ఆరింటిని ముందు నేర్పాను. వీటిలో టి, పి సాగకపోయినా పదాలు కట్టడానికి అవి కావాలి. ఫోనిక్స్, అంటే ధ్వనులతో చదవడం నేర్పే పాఠాలు, చాలావాటిలో ఉన్న వరుస ఇదే. ఈ ఆరు వస్తే చాలు, సిట్, పిన్, ట్యాప్ వంటి పదాలు ఎన్నో అప్పుడే చదివేయవచ్చు.

అయితే పెట్టెలో లేని పని ఒకటి వీటన్నిటికీ ముందుంది, అది చెవికి సంబంధించినది. తెలుగు పిల్లలను ‘పలక’ను విడగొట్టమంటే ‘ప-ల-క’ అని చక్కగా చెబుతారు. కాని ‘సన్’లో మూడు ధ్వనులున్నాయంటే వారికి వింతగా ఉంటుంది. పైగా మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘క్యాట్’ వారి నోట ‘క్యాటు’ అవుతుంది, అప్పుడు లెక్కలో నాలుగో ధ్వని వచ్చి కూర్చుంటుంది. కాగితం మీద మూడు గళ్లు గీసి, ఒక్కో ధ్వనికి ఒక్కో గుండీని గడిలోకి జరిపించే ఆట మూడు వారాలు ఆడాక, అక్షరం చూపకుండానే చిన్నవాడు ధ్వనులను విడదీయగలిగాడు. ఆ తర్వాత పలకలు చేతికిస్తే పని చాలా వేగంగా సాగింది.

నా అనుభవంలో గరుకు పలకల కంటే విడి అక్షరాలదే ఎక్కువ విలువ. పెన్సిల్ పట్టడం రాని వయసులోనే పాప వాటితో తనకు వినబడినట్టు పదాలు పేర్చేది. ‘క్యాట్’కు సి బదులు కె పెట్టినా నేను దిద్దలేదు, ఎందుకంటే ధ్వని సరిగ్గానే పట్టుకుంది. తాను పేర్చినదాన్ని తాను చదువుకోవడం ఇంకా కొన్ని వారాల తర్వాత గాని రాలేదు. అయితే డబ్బాలో ఒక్కో అచ్చు నాలుగేసి మాత్రమే ఉండడం వల్ల ఐదో పదానికే ‘ఎ’ అయిపోయేది.

లోపాలు ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషులో 26 అక్షరాలకు సుమారు 44 ధ్వనులుండగా, ఎస్, హెచ్ కలిసి ‘ష్’ అయ్యే జంటల వంటివాటికి పలకలే లేవు. అట్టల మీద నేనే చేసుకున్నాను. ఎస్, ఎ పలకలు మూడో ఏటికే నునుపెక్కాయి, రెండు అక్షరాల అంచులు లేచిపోయాయి. బి, డి తారుమారు కావడం తడమడం వల్ల తప్పుతుందని పెట్టె మీద రాసి ఉంది గాని, చిన్నవాడికి తప్పింది, పెద్దదానికి ఏడో ఏడు వచ్చేదాకా తప్పలేదు.

తెలుగుకు ఇదే పద్ధతిలో గరుకు అక్షరాలు ఇంట్లోనే చేశాను. ద, ధ, థల మధ్య తేడాను కన్ను జారవిడిచినా వేలు పట్టుకుంటుంది కాబట్టి అక్కడ బాగా పనికొచ్చాయి. ధ్వనులను కలపడం మాత్రం గుణింతంతోనే వచ్చేసింది: క్‌కు ఇ చేరితే కి అని తెలిసిన పిల్లవాడికి ఇంగ్లీషులో ధ్వనులు కలపడం కొత్తగా అనిపించలేదు. పెద్దమ్మాయికి ఇంగ్లీషు ముందు మొదలుపెట్టి, చిన్నవాడికి గుణింతం ముందు నేర్పాను, రెండోదే నయమనిపించింది.

మళ్లీ కొనవలసి వస్తే విడి అక్షరాల డబ్బా ఒక్కటే, అచ్చులు రెట్టింపు ఉన్నది చూసి కొంటాను. గరుకు పలకలకు ఒక కాగితం, కత్తెర, జిగురు చాలు.