రీలు లేని గాలం: రెండు సీజన్లు టెన్‌కారా రాడ్ వాడాక

మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలో. పంట కాలువ గట్టు మీద మా మావయ్య నాకు గాలం వెయ్యడం నేర్పించాడు. వెదురు కర్ర, చివర కట్టిన నైలాన్ దారం, బెండుకి నెమలీక కాడ, కొక్కేనికి వానపాము, అంతే సరంజామా. ఇప్పుడు నేనుండేది అమెరికాలో, డెన్వర్ దగ్గర. ఇక్కడ కొండవాగుల్లో ట్రౌట్ చేపలుంటాయని తెలిసి మామూలు ఫ్లై ఫిషింగ్ (ఈకలతో కట్టిన నకిలీ పురుగుని, అంటే ఫ్లైని, ఎరగా వేసే వేట) సెట్టు కొనుక్కున్నాను కానీ దారం చుట్టే ఆ రీలు, ఆ లావు లైను, దాన్ని తల మీదుగా వెనక్కీ ముందుకీ ఊపడం నాకు పట్టుబడలేదు, మూడేళ్లలో పట్టుమని పది చేపలు కూడా పట్టలేదు. కిందటేడాది వసంతంలో ఊళ్ళోని ఒక చిన్న ఫ్లై షాపులో 140 డాలర్లు పెట్టి టెన్‌కారా రాడ్ కొన్నాను. ఆ రోజు నుంచి పాత సెట్టు గరాజులోనే ఉంది.

టెన్‌కారా అంటే జపాన్ కొండ ప్రాంతాల్లో పుట్టిన చేపల వేట. అక్కడి వాగుల్లో యమామె, అమాగో, ఇవానా అనే చేపలుంటాయి, వాటిని పట్టి కొండ ఊళ్ళలోని సత్రాలకి అమ్ముకుని బతికినవాళ్ళ పద్ధతి ఇది. వాళ్ళు వెదురు కర్రతోనూ గుర్రపు వెంట్రుకలతో పేనిన దారంతోనూ వేటాడేవారు. "ఆకాశం నుంచి" అని ఆ పేరుకి అర్థం చెప్తారు. అమెరికాకి దీన్ని తెచ్చి పరిచయం చేసింది డేనియల్ గల్హార్డో, 2009లో టెన్‌కారా యూఎస్ఏ అనే కంపెనీ పెట్టి. ఇప్పుడు వెదురు బదులు కార్బన్ ఫైబర్ వచ్చింది, గుర్రపు వెంట్రుకల బదులు ఫ్లోరోకార్బన్ లైను వచ్చింది, రీలు మాత్రం అప్పుడూ లేదు ఇప్పుడూ లేదు.

నాది 3.6 మీటర్ల రాడ్. గొట్టంలో గొట్టం దూరినట్టు ముడుచుకుపోతుంది, మూస్తే 21 అంగుళాలు, బరువు 75 గ్రాములు. కొసన చిన్న ఎర్ర దారం ఉంటుంది, దాన్ని లిలియన్ అంటారు, లైను నేరుగా దానికే ముడెయ్యాలి. లైను పొడవు రాడ్ అంత, దాని చివర టిప్పెట్ అనే మూడు నాలుగు అడుగుల సన్నటి దారం, దానికి ఫ్లై. కారు దిగిన ఐదు నిమిషాల్లో నీళ్ళ దగ్గర ఉంటాను. రాడ్ కాక మిగతా సామానంతా చొక్కా జేబులో పట్టేస్తుంది.

అసలు దీని గొప్పతనం వాగులో తెలుస్తుంది. నేను ఎక్కువగా వెళ్ళేది బౌల్డర్ క్రీక్ అనే వాగుకి. ఇరుకు కొండలోయలో నీళ్ళు బండల మధ్య నుంచి దూకుతూ ఉంటాయి, ప్రతి బండ వెనకా గంపంత జాగాలో నీళ్ళు నెమ్మదిగా తిరుగుతుంటాయి, బ్రౌన్ ట్రౌట్ కాచుకుని కూర్చునేది అక్కడే. మామూలు ఫ్లై రాడ్‌తో అక్కడికి వేస్తే లావు లైను మధ్యలోని ఉరవడి మీద పడుతుంది, పడిన క్షణంలోనే ఫ్లైని లాక్కుపోతుంది, ఉరవడికి అడ్డంగా ఈడ్చుకుపోయే పురుగుని ఏ ట్రౌటూ నమ్మదు. టెన్‌కారాలో పొడుగు కర్రని ఎత్తి పట్టుకుంటాం కాబట్టి లైను మొత్తం గాల్లోనే ఉంటుంది, నీళ్ళని తాకేది ఫ్లై, కొద్దిగా టిప్పెట్, అంతే. ఆ గంపంత జాగాలో ఫ్లై నాలుగైదు సెకన్లు నిలబడుతుంది. ఆ నాలుగైదు సెకన్లకే నేను డబ్బులు పెట్టానని అనుకుంటాను. లైను ఒక్కసారి ఆగినట్టు అనిపిస్తుంది, మణికట్టు అలా ఎత్తగానే కర్ర మొత్తం పిడి దాకా వంగుతుంది, ఎనిమిది అంగుళాల చేప కూడా చేతికి ఎంత బలంగా తెలుస్తుందో చెప్పలేను. మధ్యలో రీలు లేదు కదా, చేప తల విదిలిస్తే ఆ విదిలింపు నేరుగా అరచేతిలోకి వస్తుంది. మా మావయ్య గాలంతో పరిగె పడినప్పుడు సరిగ్గా ఇలాగే ఉండేది.

ఫ్లైల గురించి కూడా చెప్పాలి. జపాన్‌లో వీటిని కెబారి అంటారు. సకాసా కెబారి అనే రకంలో ఈక పీచు వెనక్కి కాకుండా కొక్కెం కంటి వైపుకి, అంటే ముందుకి తిరిగి ఉంటుంది, కర్రని కొంచెం కొంచెం కదిలిస్తే ఆ పీచు మూసుకుని తెరుచుకుంటూ బతికిన పురుగులా కనిపిస్తుంది. డబ్బాల కొద్దీ ఫ్లైలు అక్కర్లేదు. జపాన్‌లో ఏళ్ళ తరబడి ఒకే రకం కెబారితో వేటాడేవాళ్ళున్నారు, నేను కూడా కిందటి సీజన్ అంతా రెండు సైజుల్లో ఒకటే రకం వాడాను, నాకేం తక్కువ కాలేదు.

సరస్సుల సంగతి వేరు, ఇక్కడ మార్కులు తగ్గిస్తాను. రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో లిలీ లేక్ అని ఉంది, దాదాపు 9,000 అడుగుల ఎత్తులో, కారు పక్కనే ఆపి నడిచిపోవచ్చు. చేపలు ఒడ్డు వెంట తిరుగుతున్నంతసేపు ఈ రాడ్ బ్రహ్మాండం, పొద్దున్నే గాలి లేనప్పుడు నీటి మీద వలయాలు కనిపిస్తే అవతల వైపు కొంచెం ముందుగా వేస్తే చాలు. అవి ముప్పై అడుగులు లోపలికి జరిగితే మాత్రం చూస్తూ కూర్చోవడమే. గాలి లేచిందా, ఇంత తేలికైన లైను ముందుకి పోదు. సరస్సు కోసమే కొనేవాళ్ళు నాలుగు మీటర్ల రాడ్ చూడండి, లేదా వాగు వచ్చి కలిసే చోట నిలబడండి. లిలీ లేక్‌లో పట్టిన చేపని వదిలెయ్యాలి, కొక్కేనికి వెనక్కి తిరిగిన ముల్లు ఉండకూడదు, ప్లయర్‌తో నొక్కేస్తే సరిపోతుంది. చెయ్యి తడుపుకునే పట్టుకోండి, పొడి చేత్తో పడితే దాని ఒంటి మీది జిగురు పోతుంది. పదహారేళ్ళు నిండినవాళ్ళకి కొలరాడో రాష్ట్రపు చేపల వేట లైసెన్సు తప్పనిసరి.

ఇబ్బందులు కూడా చెప్తాను. మొదటి నెలలోనే రాడ్ కొస విరిగింది, ఫ్లై కొమ్మకి తగులుకుంటే కర్రతో లాగాను, అలా ఎప్పుడూ లాగకూడదు, రాడ్ మూసేసి లైను చేత్తో పట్టుకుని లాగాలి. విడి ముక్క తెప్పించుకోవడానికి మూడు వారాలు పట్టింది, కొనేముందే కొస ముక్కలు విడిగా దొరుకుతాయో లేదో అడగండి. తెరిచేటప్పుడు సన్నటి కొస నుంచి, మూసేటప్పుడు లావు వైపు నుంచి. ఇసుక దూరితే గొట్టాలు బిగుసుకుపోతాయి, ఇంటికొచ్చాక విడదీసి ఆరబెట్టాలి. టిప్పెట్ 5ఎక్స్ (దారం మందం చెప్పే కొలత) కంటే గట్టిది కట్టొద్దు, ఏదైనా తెగాల్సి వస్తే టిప్పెట్ తెగాలి, రాడ్ విరగకూడదు. పెద్ద చేప పడితే వదలడానికి అదనపు లైను ఉండదు, దాంతో పాటు ఒడ్డున పరుగెత్తాల్సిందే. అన్నిటికంటే ముఖ్యం, ఇది పన్నెండడుగుల కార్బన్ కర్ర, కరెంటు తీగల కింద ఎత్తకండి, కొండల మీద మధ్యాహ్నం మబ్బు పట్టి ఉరుము వినిపిస్తే వెంటనే మూసేసి దిగిపోండి.

వాగులకైతే ఐదుకి ఐదు, సరస్సులకి మూడు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇంతకంటే మంచిది నేను చూడలేదు. మా తొమ్మిదేళ్ళ పాపకి పావుగంటలో వెయ్యడం వచ్చేసింది, రెండో రోజు "నాన్నా, పడింది పడింది!" అని అరుస్తూ నీళ్ళలోకి దిగిపోయింది.

సంక్రాంతికి ఊరెళ్తున్నాం. సూట్‌కేసులో కొలిచి చూశాను, మూలమూలకి పెడితే పడుతోంది. మావయ్య చేతికిచ్చి ఆ కాలువ గట్టునే వేయించాలి, మా పరిగెలు ఈ ఈక పురుగుని నమ్ముతాయో, వానపామే కావాలంటాయో చూడాలి.