ఎంజీబీ ఆయిల్ కూలర్ గొట్టాలు: మూడు రకాలు వాడాక నా మాట

నాది 1966 నాటి ఎంజీబీ. ఇప్పుడు మన ఊళ్లలో తిరుగుతున్న ఎంజీ కార్లతో దీనికి పేరు తప్ప వేరే చుట్టరికం లేదు. ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 వరకు తయారైన స్పోర్ట్స్ కారు ఇది. చెన్నైలో ఒక పెద్దాయన దగ్గర కొని నెల్లూరు తెచ్చుకున్నాను. ఇంజను ఆయిల్‌ను చల్లబరిచే దీని ఆయిల్ కూలర్‌కు వచ్చే రెండు గొట్టాల విషయంలో మూడు రకాలు వాడి చూశాను. విదేశం నుంచి తెప్పించిన రబ్బరువి, చీమకుర్తిలో చేయించినవి, మెరిసే స్టీలు అల్లికవి. వీటిలో చీమకుర్తివే ఇప్పటికీ కారుకు ఉన్నాయి. కారణాలు వివరంగా రాస్తున్నాను.

అంబాసిడర్ పెట్రోల్ కారులోని 1489 సీసీ ఇంజనూ, ఇందులోని 1798 సీసీ ఇంజనూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బి సిరీస్ వంశానివే. నెల్లూరు ఆటోనగర్‌లో అంబాసిడర్ల మీద చెయ్యి తిరిగిన పాతతరం మేస్త్రీ ఒకాయన బానెట్ ఎత్తి చూసి, “ఇది మన బండేనండీ, ముందున్న ఈ జల్లెడ ఒక్కటే కొత్త” అన్నారు. ఆ జల్లెడే ఆయిల్ కూలర్. పంపు తోసిన ఆయిల్ అంతా బ్లాకు వెనక నుంచి పొడవాటి గొట్టంలో కూలర్‌కు వెళుతుంది. అక్కడి నుంచి పొట్టి గొట్టంలో ఫిల్టర్‌కు వచ్చి, ఆ తర్వాతే బేరింగులకు చేరుతుంది. కంపెనీ అమరికలో థర్మోస్టాట్ లేదు, దొడ్డిదారీ లేదు. కాబట్టి గొట్టం తెగిందంటే నాలుగు లీటర్ల పైచిలుకు ఆయిల్ చూస్తుండగానే రోడ్డు పాలవుతుంది. ఆయిల్ ఒత్తిడి చూపే గేజి ముల్లు పడిపోయిన క్షణంలో ఇంజను ఆపకపోతే తర్వాత పని బేరింగులతోనే.

ఈ వంశపు ఇంజన్లు నిలిపిన చోట రెండు చుక్కలు వేయడం మామూలే కనుక చాలామంది లీకును పట్టించుకోరు. ఇంజను వెనక పడే చుక్కను నేనూ పట్టించుకోను. ముందు చుక్క సంగతి వేరు. రేడియేటర్‌ను పట్టుకొని ఉండే రేకులో రెండు రంధ్రాలుంటాయి, గొట్టాలు వాటి గుండా వెనక్కి వస్తాయి. ఆ రంధ్రాల చుట్టూ నల్లటి జిడ్డు, దాని మీద దుమ్ము పేరుకుంటే గొట్టం చెమరుస్తోందని అర్థం. ఫ్యాను గాలి ఆ ఆయిల్‌ను ఇంజను మీదికి చల్లుతుంది కాబట్టి పైనుంచి చూస్తే వాల్వు కవరే కారుతోందని అనిపిస్తుంది. శుభ్రంగా తుడిచి, ఇంజను వేడెక్కాక గొట్టం చివర లోహపు మూత దగ్గర తెల్ల కాగితం అద్దితే నిజం తెలుస్తుంది.

మొదట వేసినవి విదేశం నుంచి తెప్పించిన రబ్బరు గొట్టాలు. పాత ఫొటోల్లో ఉన్నట్టే ఉంటాయి, ప్రదర్శనలో నిలబెట్టే కారుకైతే వంక పెట్టలేం. సుంకం, పార్సిలు ఖర్చు కలిపితే గొట్టాల ధరను మించిపోయింది. రెండు వేసవులు గడిచేసరికి రెండిటికీ చివరల దగ్గర పగుళ్లు, చెమ్మ. వేళ్లతో వంచితే పైరబ్బరు చిట్లింది. వాటిని అమ్మిన దుకాణం మీద ప్రత్యేకంగా నాకు ఫిర్యాదు లేదు. పాత కార్లకు ఇప్పుడు కొత్తగా తయారు చేస్తున్న రబ్బరు సామాను గురించి లోకమంతటా ఇదే గోల. ఏడాదికి నాలుగు ఆదివారాలు చల్లటి ఊళ్లో తిరిగే కారుకు అవి సరిపోవచ్చు. మే నెలలో నెల్లూరు నుంచి ఒంగోలుకు జాతీయ రహదారి మీద 120 కిలోమీటర్లు ఆగకుండా వెళ్లే కారుకు సరిపోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ తవ్వే ఊళ్లో ఎక్స్‌కవేటర్లు, డ్రిల్లింగు యంత్రాలు, కంప్రెసర్లు పగలూ రాత్రీ నడుస్తాయి. వాటికి హైడ్రాలిక్ గొట్టం తెగితే పని ఆగిపోతుంది కాబట్టి కావలసిన పొడవు కోసి, చివరలు నొక్కి, గంటలో చేతిలో పెట్టే కొట్లు అక్కడున్నాయి. పాత గొట్టాలు రెండూ పట్టుకుని వెళ్లాను.

కొట్టు ఆయన మొదట అర అంగుళం గొట్టం, రెండు వరుసల స్టీలు అల్లిక ఉన్న రకం తీసి చూపించి, “ఇది 275 బార్ ఒత్తిడి తట్టుకుంటుంది సార్, మీ కారు అరిగిపోయినా ఇది పోదు” అన్నాడు. నా ఇంజనులో ఆయిల్ ఒత్తిడి దౌడు తీసేటప్పుడు 60, 70 పీఎస్ఐ. అంటే అయిదు బార్ కూడా లేదు. ఈ పనికి ఒత్తిడి లెక్క చూసి గొట్టం ఎంచుకోవడం దండగ. చూడవలసింది వేడి లెక్క. మామూలు హైడ్రాలిక్ గొట్టం లోపలి నైట్రైల్ రబ్బరుకు 100 డిగ్రీలు హద్దు. మన ఎండల్లో, హైవే వేగంలో ఇంజను ఆయిల్ ఆ హద్దును సులువుగా తాకుతుంది, దాటుతుంది కూడా. హద్దు మీదే రోజూ నడిచే రబ్బరు క్రమంగా గట్టిపడి, నొక్కిన చోట పట్టు వదిలేస్తుంది. చెమ్మ మొదలయ్యేది అక్కడే.

రెండు వరుసల అల్లికతో ఇంకో చిక్కు, అది వంగదు. అర అంగుళం హైడ్రాలిక్ గొట్టాన్ని 180 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే బిగువుగా వంచకూడదు, ఈ కారు బానెట్ కింద అంత విలాసం లేదు. చివరికి కంప్రెసర్లకు వాడే, ఎక్కువ వేడి తట్టుకొనే రకంలో ఒకే అల్లిక ఉన్నది ఎంచుకున్నాను. ఆ మాట అడిగేసరికి ఆయనకు నా మీద గౌరవం పెరిగింది, ధర కూడా పెరిగింది. అయినా పార్సిలు గొట్టాలకు అయినదాంట్లో మూడో వంతు కాలేదు. కూలర్ వైపు నట్లు అర అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు కొలత) మర. క్వారీ యంత్రాల్లో ఎన్నో రకాల మరలు కలగాపులగంగా ఉంటాయి కాబట్టి పాత నట్టును పక్కన పెట్టి మర, లోపలి శంకువు కోణం రెండూ సరిపోల్చుకోవాలి. చేతితో చివరిదాకా తిరగనిది పానాతో తిప్పితే తిరుగుతుంది, కానీ మర చెడుతుంది.

ఇంకొక్కటి పట్టుబట్టి చేయించుకోండి. గొట్టం కోసినప్పుడు రబ్బరు పొడి, స్టీలు రజను లోపల పడతాయి. కొట్టులోనే గాలి కొట్టించి, ఇంటికి వచ్చాక కిరోసిన్‌తో కడిగి మళ్లీ గాలి కొట్టాను. ఫిల్టర్ కూలర్ తర్వాత వస్తుంది కాబట్టి మిగిలిన రవ్వ నేరుగా బేరింగుకు వెళ్లదు, కానీ ఆ ధీమాతో మురికి గొట్టం బిగించే పని లేదు.

బిగింపులో ప్రాణం రెండు పానాలది. కూలర్ మీద ఉండే మర మెడ పల్చటిది, ఏళ్ల తరబడి బిగుసుకున్న నట్టును ఒక్క పానాతో తిప్పితే మెడ మెలిక పడి కూలరే చిరుగుతుంది. ఒక పానాతో మెడను కదలకుండా పట్టి, రెండో దానితో నట్టు తిప్పాలి. బిగించేటప్పుడు గొట్టం మీద పొడవునా ఉండే అచ్చు గీతను చూడండి, అది మెలిక తిరిగితే గొట్టం తిరిగినట్టే. రేకులోని రంధ్రాలకు కొత్త రబ్బరు రింగులు తప్పనిసరి. అవి చవక కదా అని పాతవే ఉంచేవాళ్లను చూశాను. రేకు అంచు గొట్టాన్ని కోసేది వాటిని దాటుకునే. మా మేస్త్రీ ఇంజను అంటుకోకుండా కాయిల్ తీగ పీకేసి, గేజి ముల్లు లేచేవరకు స్టార్టరుతో ఇంజనును తిప్పించారు. కూలర్, గొట్టాలు ఖాళీగా ఉంటాయి కాబట్టి సంపులో, అంటే ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, మరో అర లీటరు దాకా పడుతుంది. నేను వాడేది 20డబ్ల్యూ50 చిక్కదనం ఉన్న మామూలు మినరల్ ఆయిలే.

అది అయిదారేళ్ల కిందటి మాట. ఇప్పుడు ఆ రేకు వెనక వేలు పెడితే దుమ్ము తప్ప జిడ్డు అంటదు. చివరలు గట్టిపడలేదు, పైతొడుగు మీద కొద్దిగా మెరుపు తగ్గింది. లోపాలూ ఉన్నాయి. గొట్టం అసలుదాని కంటే లావు, బిగువు. ఫిల్టర్ విప్పాలంటే దాన్ని పక్కకు నెట్టుకోవాలి. పైన గొట్టం కంపెనీ అచ్చువేసిన పసుపు అక్షరాలు బానెట్ ఎత్తగానే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పోటీలో న్యాయనిర్ణేతలు మార్కులు తీసేస్తారు, తీసేయనీ. ఆయిల్ ఒత్తిడి మాత్రం ముందెంతో ఇప్పుడూ అంతే. గొట్టాలు మారిస్తే ముల్లు పైకి లేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మధ్యలో కొన్నాళ్లు స్టీలు అల్లిక గొట్టాలు వేసి, చీమకుర్తివి తీసి దాచాను. లోపల టెఫ్లాన్ పొర ఉన్నవి, 200 డిగ్రీల దాకా భయం లేదు. వేడి ఒక్కటే చూస్తే వాటికి సాటి లేదు. కానీ పైతొడుగు లేని ఆ అల్లిక తాకినదాన్నల్లా ఆకురాయిలా అరగదీస్తుంది. నా కారులో ఒక తీగ పైతొడుగును రాగి కనిపించేదాకా తినేసింది. లోపలి పొర చిట్లినా అల్లిక దాన్ని కప్పేస్తుంది, చెమ్మ కనబడేసరికి ఆలస్యమవుతుంది. తీసేసి మళ్లీ చీమకుర్తివే బిగించాను. రబ్బరు పైతొడుగుతో దొరికితే టెఫ్లాన్ వాటికే నా ఓటు.

ఈ పని పెట్టుకున్నవాళ్లు మూడో గొట్టాన్ని మరవకండి. డ్యాష్‌బోర్డు మీది ఒత్తిడి గేజికి ఆయిల్ నేరుగా వెళుతుంది, బ్లాకు వెనక నుంచి దానికి వేలెడంత రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. పెద్దవి రెండూ మార్చి దీన్ని వదిలేస్తే, తెగినప్పుడు అదే ఆయిల్, అదే రోడ్డు.

చీమకుర్తి కొట్టు ఇంత బాగుంది కదా అని బ్రేకు గొట్టాలు కూడా అక్కడ చేయించకండి. బ్రేకు ద్రవం గ్లైకాల్ రకం, నైట్రైల్ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. పెట్రోలు గొట్టాల సంగతీ అంతే. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు దానికి తగిన రబ్బరే కావాలి. కార్బురేటర్ల దగ్గరి పాత గొట్టాలను నేను పోయిన వేసవికే మార్చేశాను.