సియాల్దా నుంచి పానిహాటి దాకా: ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ కలకత్తా

రసాయన శాస్త్రవేత్త ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ జీవితాన్ని ఆయన తిరిగిన చోట్లలోనే చూడాలనుకునేవారు కలకత్తాలో బసను పార్కు స్ట్రీటు వైపు కాక సియాల్దా పరిసరాల్లో చూసుకోవడం మేలని నా అభిప్రాయం. ఆయన పుట్టిన రాడులి గ్రామం నేడు బంగ్లాదేశ్‌లోని ఖుల్నా జిల్లాలో ఉంది. అయితే 1887లో ఎడిన్‌బరోలో డీఎస్సీ (డాక్టర్ ఆఫ్ సైన్స్) పట్టా పొంది, మరుసటి ఏడు స్వదేశానికి తిరిగివచ్చిన తర్వాత ఆయన చేసిన పనిలో పెద్ద భాగం, ఆనాడు అప్పర్ సర్క్యులర్ రోడ్డుగా పిలిచి ఈనాడు ఆయన పేరే పెట్టుకున్న రహదారి మీదా, దాని చుట్టుపక్కలా సాగింది.

సికింద్రాబాదు నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవారు హౌరాలో దిగి, హుగ్లీ నది అడుగు నుంచి వెళ్ళే మెట్రోలో నేరుగా సియాల్దా చేరవచ్చు; సామాను మరీ ఎక్కువైతే తప్ప టాక్సీ బేరాలతో పని లేదు. మేము దిగిన చిన్న వసతిగృహంలో పరుపులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు అడిగిన వెంటనే బకెట్టుతో తెచ్చి ఇచ్చారు, కానీ వీధి వైపు గది తీసుకున్నవారికి తెల్లవారుజాము నిద్ర దక్కదు. సాల్ట్ లేక్‌లో గదులు ప్రశాంతంగా ఉంటాయి, అద్దె మాత్రం ఎక్కువ. వృద్ధులు వెంట ఉంటే అటే మంచిది.

సియాల్దా నుంచి కలకత్తా విశ్వవిద్యాలయపు రాజాబజారు సైన్స్ కళాశాలకు నడిచే వెళ్ళవచ్చు. రాయ్ 1916లో ప్రెసిడెన్సీ కళాశాలను విడిచి ఇక్కడ దాత తారక్‌నాథ్ పాలిత్ పేరిట ఉన్న రసాయనశాస్త్ర ఆచార్య పదవిలో చేరారు. 1921లో అరవై ఏళ్ళు నిండిన నాటి నుంచి తన జీతాన్ని విశ్వవిద్యాలయానికే వదిలివేసి, అవివాహితుడిగా ఆ భవనంలోనే ఒక గదిలో ఉంటూ, 1944 జూన్ 16న అక్కడే కన్నుమూశారు. నెలకు 800 రూపాయల జీతంలో 40 మాత్రమే తనకు ఉంచుకుని మిగతాది ప్రజాకార్యాలకు ఇచ్చే మనిషి అని గోఖలే ఆయనను గాంధీజీకి పరిచయం చేశారు. ఇది తరగతులు నడిచే ప్రాంగణం కనుక లోపల చూడదలచినవారు ముందుగా అనుమతి కోరడం మర్యాద. పక్కనే జగదీశ్ చంద్ర బోస్ ఇల్లు, ఆయన స్థాపించిన పరిశోధన సంస్థ ఉన్నాయి.

ఈ దారిలోనే 91వ నంబరు అద్దె ఇంట్లో, 1892లో, సుమారు 700 రూపాయల పెట్టుబడితో ఆయన మందుల తయారీ సంస్థ బెంగాల్ కెమికల్ మొదలైంది. ఫాస్ఫేట్ తయారీకి కసాయివాళ్ళ దగ్గర కొన్న పశువుల ఎముకలను మేడ మీద ఆరబెడితే వానకు తడిసి పురుగులు పట్టి, కాకులు వాలి, ఇరుగుపొరుగు గోల చేశారట. పగలు పాఠాలు చెప్పి, సాయంత్రం ఆ కంపులో మందులు తయారుచేసిన పెద్దమనిషిని తలచుకుంటూ నడిస్తే ఈ రద్దీ రోడ్డు విసుగనిపించదు. పాదరసపు నైట్రైట్ అనే రసాయన సమ్మేళనంపై ఆయన పరిశోధన సాగిన ప్రెసిడెన్సీ ప్రాంగణాన్ని మేము బయటి నుంచే చూసి, ఎదుటి కాఫీ హౌస్‌కు వెళ్ళాము. అక్కడ వడ్డన నిదానం, కాఫీ సాధారణం, కూర్చోవడానికి మాత్రం ఎవరూ తొందరపెట్టరు.

1901లో లిమిటెడ్ కంపెనీగా మారిన బెంగాల్ కెమికల్ 1905లో మానిక్‌తలాలో కర్మాగారం కట్టింది. నేడు ఒక మెట్రో స్టేషన్‌కే బెంగాల్ కెమికల్ అని పేరు. విగ్రహాల కంటే ఈ స్టేషన్ బోర్డే ఆయనకు తగిన గౌరవమని నాకు తోచింది. కర్మాగారంలోకి సందర్శకులను ఊరికే పంపరు కనుక గేటు చూడటంతోనే సరి, అయితే దాని ఫినైల్, నాఫ్తలీన్ ఉండలు, వాము నీళ్ళు నగరంలోని మందుల దుకాణాల్లో దొరుకుతాయి. ప్రభుత్వపరమై దశాబ్దాలు నష్టాల్లో నడిచిన ఈ సంస్థ 2016-17లో లాభం చూసింది.

మనవారికి ఆయన బొత్తిగా పరాయివాడు కాడు: 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ సమయంలో ఖద్దరు ప్రదర్శనను ప్రారంభించింది ఆయనే.

ఒక పూట మిగిలితే 1920లో వెలిసిన బెంగాల్ కెమికల్ పానిహాటి కర్మాగారం వైపు వెళ్ళవచ్చు. సియాల్దా నుంచి లోకల్ రైలులో సోదేపూర్ చేరి, అక్కడి నుంచి ఆటో పట్టాలి. ఉదయం నగరంలోకి వచ్చే బండ్లు కిక్కిరిసి ఉంటాయి, నగరం విడిచిపోయేవాటిలో చోటు దొరుకుతుంది కనుక పొద్దున వెళ్ళి, జనం ఇళ్ళకు మళ్ళే వేళకు ముందే తిరిగి రావడం సౌకర్యం.