పెద్ద లా ఫర్మా, ప్రాసిక్యూటర్ ఉద్యోగమా: ఏది మేలు?

1995లో రాబర్ట్ ముల్లర్ ఒక పెద్ద లా ఫర్మ్‌లో పార్ట్‌నర్. అంతకు ముందు అమెరికా న్యాయశాఖలో క్రిమినల్ విభాగానికి అధిపతిగా కూడా పనిచేశారు. అలాంటాయన ఆ ఏడాది ఫర్మ్ వదిలేసి, వాషింగ్టన్‌లో ప్రభుత్వం తరఫున హత్య కేసులు వాదించే మామూలు ప్రాసిక్యూటర్‌గా చేరారు. ఎఫ్‌బీఐ డైరెక్టర్ అయింది ఆ తర్వాత, 2001లో. సోనియా సోటోమేయర్‌ది ఎదురు దారి. 1979లో న్యూయార్క్‌లో ప్రాసిక్యూటర్‌గా మొదలై, 1984లో ప్రైవేట్ ఫర్మ్‌కు వెళ్లి, చివరికి సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు. కాబట్టి అటు వెళ్తే ఇటు తలుపు మూసుకుపోతుందన్న భయం అక్కర్లేదు.

డబ్బు సంగతి త్వరగా తేల్చేద్దాం. ఫర్మే మేలు, అసలు పోటీ లేదు. చదువు కోసం చేసిన అప్పుంటే మాత్రం లెక్క కొంచెం మారుతుంది. అమెరికాలో ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటూ నిబంధనల ప్రకారం 120 నెలవారీ వాయిదాలు కడితే, మిగిలిన ఫెడరల్ విద్యారుణం మాఫీ చేసే పథకం 2007 నుంచి ఉంది. మారాలనుకునేవాళ్లు ముందు ఒక పని చేసి చూడాలి. ఫర్మ్‌లో ఉండగానే ఆరు నెలలు ప్రాసిక్యూటర్ జీతంతోనే ఇల్లు నడపాలి. అది కుదరకపోతే ఆదర్శాల గురించి మాట్లాడుకోవడం అనవసరం.

పని గంటల విషయంలో చాలామంది పొరబడతారు. ఫర్మ్‌లో రోజుని ఆరేసి నిమిషాల ముక్కలుగా కోసి, ఏ ముక్క ఏ క్లయింట్ ఖాతాలోకో రాయాలి. ప్రాసిక్యూటర్‌కి ఆ టైమ్‌షీట్ పీడ ఉండదు. అలాగని పని తగ్గదు. విచారణ నడుస్తున్న వారం రాత్రిళ్లు ఎలాగూ పోతాయి. బిల్లు వేయడానికి కూడా ఎవరూ ఉండరు!

అసలు తేడా కోర్టులో కనిపిస్తుంది. పెద్ద ఫర్మ్‌లో చేరిన జూనియర్ ఏళ్ల తరబడి ఒక్క సాక్షినైనా ప్రశ్నించకుండా గడిపేయవచ్చు. పెద్ద సివిల్ వివాదాలు చాలావరకు రాజీలోనే ముగుస్తాయి. మధ్యలో చేసేదంతా కాగితాల పని. ప్రాసిక్యూటర్‌కి మొదటి నెలల్లోనే బెయిల్ వాదనలు, చిన్న కేసులు, పొద్దున చేతికొచ్చిన ఫైలుతో మధ్యాహ్నం జడ్జి ముందు నిలబడటం. నోరు తిరగాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. కానీ ఫర్మ్ నేర్పిన నున్నటి పనితనం ఇక్కడ సాగదు. అక్కడ ఒక ఉత్తరం నలుగురి చేతులు మారి బయటికెళ్తుంది. ఇక్కడ సాక్షి రాడు, ల్యాబ్ రిపోర్టు రాదు, జెరాక్స్ కూడా మీరే తీసుకోవాలి. కామా తప్పితే నిద్రపట్టని మనుషులకి మొదటి ఏడాది నరకమే.

ఇవన్నీ అలవాటవుతాయి. అంత తొందరగా అలవాటు కానిది ఒకటుంది. ప్రాసిక్యూటర్‌కి క్లయింట్ ఉండడు. బాధితుడు క్లయింట్ కాదు, పోలీసులూ కారు. ఫర్మ్‌లో క్లయింట్ ఏం కోరితే దానికి చట్టంలో దొరికే గట్టి వాదన వెతకడమే మీ పని, అందులో తప్పేమీ లేదు. ప్రాసిక్యూటర్ పని గెలవడం కాదు, న్యాయం జరిగేలా చూడటం అని అమెరికా సుప్రీంకోర్టు 1935లోనే బెర్గర్ కేసులో చెప్పింది. ముద్దాయికి మేలు చేసే ముఖ్యమైన ఆధారం మీ దగ్గరుంటే అది డిఫెన్స్‌కి ఇవ్వాల్సిందేనని 1963లో బ్రేడీ కేసులో తేల్చింది. ఆరోపణకు ఆధారం లేదని నిష్పాక్షిక దర్యాప్తులో తేలితే కేసు నడపకూడదని 1990 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు అంటాయి. చదవడానికి తేలికే. ఎదురుగా కూర్చుని ఏడుస్తున్న తల్లికి ‘ఈ కేసు నిలబడదమ్మా’ అని చెప్పాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది బరువు.

మధ్యేమార్గం కూడా ఒకటుంది. ఫర్మ్‌లోనే ఉంటూ ఆర్థిక నేరాల విభాగానికి మారడం, లేదా ఫీజు తీసుకోకుండా పేద ముద్దాయిల తరఫున వాదించడం. మొదటిది నాకు పెద్దగా నచ్చదు. పేరుకి అది క్రిమినల్ లా అయినా, పని మాత్రం మళ్లీ ఈమెయిళ్లు జల్లెడ పట్టడం. రెండోది మంచిది. నిర్ణయానికి ముందు ఒకటి రెండు కేసులైనా అలా చేసి చూస్తే, రేపు మీరు ఎవరి మీద కేసు నడపబోతున్నారో అతని పక్క కుర్చీలోంచి కనబడుతుంది.

నన్నడిగితే, కోర్టు మీద మోజు ఉన్నవాళ్లు మూడు నుంచి ఐదేళ్ల అనుభవంతో మారడం మేలు. అప్పటికి రాత పదును తేలుతుంది, ఖర్చులు ఇంకా జీతంతో పాటు పెరిగిపోయి ఉండవు. ఒప్పందాలు రాయడంలో ఆనందం దొరికేవాళ్లు మాత్రం, ఫర్మ్‌లో విసుగు పుట్టిందన్న ఒక్క కారణంతో ఇటు రావద్దు. విసుగైతే ఫర్మ్ మార్చుకుంటే చాలు.

ఇంటర్వ్యూలో ఆ తేడా ఎలాగూ బయటపడుతుంది. ‘మీ సాక్షి బోనులో అబద్ధం చెబుతున్నాడని మీకు అర్థమైంది, ఏం చేస్తారు?’ లాంటి ప్రశ్న వేస్తారు. ఫర్మ్ అలవాటు కొద్దీ ‘సీనియర్‌ని అడుగుతాను’ అన్నారనుకోండి, వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది: ‘సీనియర్ ఫోన్ ఎత్తట్లేదు. జడ్జి మీవైపే చూస్తున్నారు. ఇప్పుడు?’